ఆరు గుండీల కోటు

4 అక్టోబరు 1996

పిన్నీ,

చేరాను, గది దొరికింది, వేళకి తింటున్నాను. ఉత్తరంలో నువ్వు ముందు వెతికేవి ఈ మూడు ముక్కలే కాబట్టి ముందే రాసేశాను. ఇక కళ్ళజోడు సర్దుకుని మిగతాది నిదానంగా చదువు.

పని కూడా దొరికింది. పాత బట్టల దుకాణంలో. నువ్విప్పుడు ముక్కు చిట్లిస్తున్నావని నాకు ఇక్కడికి కనబడుతోంది. ఇవి చింకిపాతలు కావు పిన్నీ. ముప్పై నలభై ఏళ్ళ కిందట కుట్టిన కోట్లు, గౌన్లు, టోపీలు, చేతిసంచులు. తిరగేసి చూస్తే లోపలి కుట్టు కూడా బయటి కుట్టంత శుభ్రంగా ఉంటుంది. ఇక్కడి ఆడపిల్లలు వీటికోసం ఎగబడుతున్నారు. దుకాణం ఆవిడ గడకర్రంత పొడుగు, నోటికి తాళం లేదు. పని అడగడానికి వెళ్ళినరోజు నన్ను కిందినుంచి పైదాకా చూసి, "కాలరు అలా ఎత్తి పెట్టుకోవడం నీకెవరు నేర్పారు?" అంది. సంచిలోంచి అమ్మ ఫొటో తీసి చూపించాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూసింది. "రేపట్నుంచి వచ్చెయ్" అంది. అంటే ఈ ఉద్యోగం నాకు అమ్మే ఇప్పించినట్టు లెక్క.

మొదటి వారం మాత్రం బిక్కచచ్చిపోయాను. ఇక్కడ అందరూ ఎక్కడికో తెలిసినట్టే నడుస్తారు. బస్సులో టిక్కెట్లు కొట్టే ఆవిడ సైతం చొక్కా చేతులు ఎంత మడవాలో లెక్కగా మడుస్తుంది. మా మేడమీది ముసలాయన బయటికి వెళ్ళేముందు మెట్లమీద ఆగి, జేబురుమాలుతో బూట్ల ముందు భాగం మాత్రం తుడుచుకుంటాడు. షాపుల అద్దాల్లో నన్ను నేను చూసుకుంటే ఎవరో పారేసుకున్న సామానులా ఉన్నాను. అప్పుడు అమ్మ ఫొటో బల్లమీద పెట్టుకుని, ఆవిడ ఎలా ఉందో అలా తయారవడం మొదలుపెట్టాను. మెడకి చిన్న రుమాలు, ఎత్తిన కాలరు, ఎడమ భుజం ఒక పిసరు పైకి, కుడి చెయ్యి జేబులో. నాలుగు రోజులకి నడక మారింది. ఇప్పుడు దారి అడిగేవాళ్ళు నన్నే అడుగుతున్నారు. వాళ్ళకి తప్పుదారి చెబుతున్నాననుకో, అది వేరే సంగతి.

ఎవరిలా ఉండాలో తెలియకపోతే అమ్మలా ఉంటే సరిపోతుంది కదా. రెండేళ్ళప్పుడు పోయిన మనిషి నాకు ఇంతకంటే ఏం మిగిల్చింది?

అసలు విషయం. ఫొటోలో అమ్మ వేసుకున్న ఆ ఆరు గుండీల కోటు నాకు కావాలి. నీ ట్రంకుపెట్టె అడుగున ఎక్కడో ఉండే ఉంటుంది. పార్సిలు చెయ్యి. ఇంకో మాట, ఆ ఫొటోలో అమ్మ ఎందుకు నవ్వుతోంది? తీసేటప్పుడు పక్కన ఎవరున్నారు? ఎప్పుడడిగినా మాట దాటేశావు. ఈసారి రాయి.

నీ పెంకిపిల్ల


15 అక్టోబరు 1996

అమ్మడూ,

నీ అక్షరాలు రోజురోజుకీ చీమలైపోతున్నాయి. కొంచెం పెద్దగా రాసి ఏడు. కళ్ళ డాక్టరు కొత్త చుక్కలమందు ఇచ్చాడు. అది వేసుకుంటే గంటసేపు లోకం నీళ్ళలో మునిగినట్టుంటుంది, వేసుకోకపోతే ఆయన కోప్పడతాడు. అంతే, కంగారుపడకు.

పని దొరికినందుకు సంతోషం. పాతబట్టలు ఉతికాకే వేసుకో.

నా సంగతి ఏముంది. స్టూడియో మూతపడ్డా జనానికి నా అడ్రసు తెలుసు. పాడైపోయిన ఫొటోలు పట్టుకుని ఇంటికే వస్తారు. మొన్న ఒకాయన పెళ్ళిఫొటో తెచ్చి, బట్టతల మీద కాస్త జుట్టు వెయ్యమన్నాడు. వేశాను. మర్నాడు భార్యని వెంటబెట్టుకొచ్చాడు. ఆవిడ ఫొటో చూసి, "నా పక్కన నిలబడ్డ ఈయనెవరండీ?" అంది. జుట్టు మళ్ళీ చెరిపేశాను. ముప్పై ఏళ్ళుగా నేను చేస్తున్నదిదే. మొటిమలు తీసెయ్యడం, మెల్లకన్ను సరిచెయ్యడం, ఏడ్చిన ముఖాల్ని నవ్వించడం. అందుకే ఒక మాట చెబుతాను, చెవిన పెట్టు. ఫొటో చూసి మనిషిని నేర్చుకోకూడదు. మనిషి నడిచేటప్పుడు, తిట్టేటప్పుడు, అన్నం వడ్డించేటప్పుడు ఎలా ఉంటుందో ఫొటోలో ఉండదు. మీ అమ్మ త్వరత్వరగా నడిచేది. మాట్లాడుతూ మధ్యలో ఆపి తనే నవ్వేసేది, అవతలివాళ్ళకి అసలు సంగతి ఎప్పుడూ తెలిసేది కాదు. కావాలంటే ఇవి నేర్చుకో.

కోటు లేదమ్మా. పురుగు కొట్టేసింది. నీకు ఏడో ఏడు వచ్చినప్పుడు పారేశాను. దానికోసం మనసు కష్టపెట్టుకోకు. అక్కడ చలి ఎక్కువంటున్నారు, లోపల ఉన్ని బనీను వేసుకో. ఫ్యాషనని గుండె బయటపెట్టుకు తిరక్కు.

పక్కన ఎవరున్నారో గుర్తులేదు. చాలా ఏళ్ళయింది.

పిన్ని


9 నవంబరు 1996

పిన్నీ,

పురుగు కొట్టేసిందా. ఉన్న కోటు ఒక్కటి, అమ్మది, దానిలో నాలుగు కలరా ఉండలు వెయ్యడానికి నీకు తీరలేదా? బట్టతలలకి జుట్టు వెయ్యడానికి మాత్రం తీరిక దొరుకుతుంది. కోపంగానే రాస్తున్నాను, కోపంగానే చదువు.

సరే, పోయింది పోయింది. నేనే కుట్టించుకున్నాను. దుకాణంలో అతుకులు సరిచేసే దర్జీ ఒకాయన ఉన్నాడు. నోటినిండా గుండుసూదులు పెట్టుకుని మాట్లాడతాడు, ఎప్పుడు మింగుతాడోనని నా భయం. ఫొటో ఇచ్చి అచ్చం ఇలాగే కావాలన్నాను. ఆయన భూతద్దంతో చూసి, "ఈ కోటుకి వీపు లేదమ్మాయ్" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "కొలతకి కుట్టింది కాదిది. చంకలు చూడు, ఎలా పట్టేసిందో. ఎడమ భుజం లేచిపోయింది అందుకే. వెనక కోసేసి నాడాలతో కట్టి ఉంటారు" అంటాడు. మా అమ్మ భుజం పుట్టుకతోనే అలా ఉంటుందని చెప్పాను. నోరు మూసుకుని కుట్టాడు. ఎడమవైపు కొంచెం దూది పెట్టించి ఎత్తుగా చేయించాను. గుండీలు కూడా అలాగే. అమ్మ కోటుకి నాలుగో గుండీ మిగతావాటికంటే చిన్నది కదా, దర్జీ అది పొరపాటేమో అన్నాడు. పొరపాటైనా నాకు అదే కావాలన్నాను.

వేసుకుని వంతెన మీద నడిచాను. పొద్దున్నే ఆఫీసులకి పోయే గుంపు ఎదురొస్తుంటే, వాళ్ళ మధ్య కుడి చెయ్యి జేబులో పెట్టుకుని నడుస్తుంటే, జీవితంలో మొదటిసారి నేనెవరి కూతుర్నో నాకు తెలిసినట్టనిపించింది. నవ్వకు. మనవీధి పిల్లలందరినీ వాళ్ళ అమ్మ పోలికనో నాన్న పోలికనో అనేవారు. నన్ను మాత్రం "పిన్ని దగ్గర పెరిగే పిల్ల" అనేవారు. ఆ మాట ఎంత గుచ్చుకునేదో నీకు ఎప్పుడూ చెప్పలేదు.

ఇక అసలు కబురు. దుకాణానికి వచ్చే ఫొటోగ్రాఫరు నన్ను ఆ కోటులో నలుపుతెలుపులో తీశాడు. అదే నిలబడటం, పక్కన అలాంటిదే కుర్చీ. వచ్చేనెల అద్దాల కిటికీలో అమ్మ ఫొటో, నా ఫొటో పక్కపక్కన పెడతారట. అమ్మ ఫొటో పెద్ద ఫ్రేములో పెట్టాం. అది నా ఫొటో కొలతకి సరిపోకపోతే దాని అంచులు కాస్త తీసేశాం. ఎంత అందంగా ఉందో చూస్తే నువ్వు కూడా ఒప్పుకుంటావు. చెంప మీద ఆ వెలుతురు ఎలా పడిందో! మా ఫొటోగ్రాఫరు ఎన్ని దీపాలు మార్చినా నా చెంప మీదికి అది రాలేదు. "దీన్ని తీసినవాడికి వెలుతురంటే ప్రేమ" అన్నాడు.

నీ
(ఇంకా కోపం తగ్గనిది)


18 నవంబరు 1996

అమ్మడూ,

ఫొటో కిటికీలో పెట్టకు. ఈ ఒక్క మాట విను. పోయిన మనిషిని బజారులో నిలబెట్టడం నాకు ఇష్టం లేదు. దారినపోయేవాళ్ళంతా చూస్తారు, తలో మాటా అంటారు. నీ ఫొటో నీ ఇష్టం, పది పెట్టుకో. మీ అమ్మది తీసి గదిలో పెట్టుకో.

అంచులు తీసేశామని రాశావు. ఏ అంచు? ఎంత తీశారు? వెంటనే రాయి.

కళ్ళు బాగాలేవు, అందుకే కుదించి రాస్తున్నాను. దర్జీ మంచి పనివాడిలా ఉన్నాడు. ఆయన్ని ఏమీ అనకు.

పిల్లల్ని ఎవరి పోలికో అంటారు, మరిచిపోతారు. నువ్వు ఇన్నేళ్ళు మనసులో పెట్టుకున్నావని నాకు తెలియదు. తెలిస్తే ఏం చేసేదాన్నో అదీ తెలియదు.

పిన్ని


6 డిసెంబరు 1996

పిన్నికి,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపాను. ఇక చింపను.

సోమవారం ఫొటోలు కిటికీలో పెట్టాం. నువ్వు వద్దన్నావు, పెట్టాను. బుధవారం ఒకావిడ లోపలికొచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. మన ఊరావిడేనట, పెళ్ళయి ఇక్కడ స్థిరపడింది. "కిటికీలో ఆ కోటు ఎవరిది?" అని అడిగింది. మా అమ్మదన్నాను. ఆవిడ అదోలా చూసి వెళ్ళిపోయి, మర్నాడు ఒక ఫొటో తెచ్చింది. వాళ్ళమ్మ. అదే కుర్చీ, అదే తెర, అదే కోటు. ఆరు గుండీలు, నాలుగోది చిన్నది. వెనక తేదీ ఉంది, 1976. నువ్వు పనిచేసిన స్టూడియో ముద్ర ఉంది.

అమ్మ పోయింది 1973లో.

అంటే పురుగు కొట్టలేదు. అమ్మ పోయాక ఆ కోటుని నువ్వు స్టూడియోకి ఇచ్చేశావు. వచ్చినవాళ్ళందరూ తొడుక్కుని ఫొటోలు తీయించుకున్నారు. ఊళ్ళో ప్రతివాళ్ళూ మా అమ్మ కోటు వేసుకున్నారు, నేను తప్ప. నాకు వాసన చూసుకోవడానికైనా అది దక్కలేదు. ఇప్పుడర్థమైంది, కిటికీలో పెట్టొద్దని ఎందుకు గింజుకున్నావో. ఎవరో గుర్తుపడతారని నీ భయం.

చిన్నప్పుడు అమ్మ గురించి అడిగితే నువ్వు లేచి వెళ్ళి ఏదో పని చేసుకునేదానివి. అది దుఃఖమనుకునేదాన్ని. కాదు. నీకు ఆవిడంటే అసూయ. ఆవిడ అందంగా ఉంది, అందరికీ నచ్చింది, పోయి కూడా నా ప్రేమంతా తీసుకుంది. నువ్వేమో ముప్పై ఏళ్ళు ఎర్రదీపం కింద మందునీళ్ళలో చేతులు నల్లగా చేసుకుని కూర్చున్నావు. ఆవిడ వస్తువు ఒక్కటి కూడా నా చేతికి రానివ్వలేదు.

నాకు పదో ఏట జ్వరం వస్తే మూడురోజులు నా మంచం పక్కనే కూర్చున్నావు. దాన్ని మరిచిపోయానని అనుకోకు. కానీ ఆ లెక్క ఇప్పుడు తీసుకురావద్దు.

నిజం రాయదలుచుకుంటే రాయి. ఇంకేదైనా అయితే రాయొద్దు.


20 డిసెంబరు 1996

అమ్మడూ,

పంక్తులు ఒకదానిమీద ఒకటి ఎక్కితే ఏమనుకోకు. అట్టముక్కకి గాడి కోసి, దాన్ని కాగితం మీద పెట్టి ఆ గాడిలో రాస్తున్నాను. కంటినరం ఎండిపోతోందని డాక్టరు ఆరునెలల కిందటే చెప్పాడు. ఇప్పుడు మధ్యలో ఏదీ కనబడదు, పక్కల్లో మసగ్గా కనబడుతుంది. నీ ఉత్తరం డాక్టరు దగ్గరి కంపౌండరు చదివి వినిపించాడు. చివరి పేరా దగ్గర ఆయన గొంతు తగ్గించేశాడు, పాపం. గట్టిగా చదవమన్నాను.

కోటు మీ అమ్మది కాదు. ఎప్పుడూ కాదు. అది స్టూడియో కోటు. మంచి బట్టలు లేనివాళ్ళు ఫొటో దిగడానికి వస్తే తొడిగేది. సన్నవాళ్ళకీ లావువాళ్ళకీ ఒక్కటే సరిపోవాలి కాబట్టి, వీపు నిలువునా కోసి నాడాలు కుట్టారు. మీ దర్జీ చెప్పింది అక్షరాలా నిజం. ముందునుంచి చూస్తే దొరసాని, వెనకనుంచి చూస్తే చిరుగు.

ఇంకా ఉంది. కూర్చుని చదువు.

ఆ ఫొటోలో ఒళ్ళు మీ అమ్మది కాదు. నాది.

మా స్టూడియోలో ఒక పద్ధతి ఉండేది. శనివారం సాయంత్రం రీలు కడిగేముందు ఒకటో రెండో ఫ్రేములు మిగిలితే పనివాళ్ళు వాడుకోవచ్చు. పెద్దాయన, అంటే స్టూడియో యజమాని, ఏమీ అనేవాడు కాదు. మీ అమ్మ ఆ కోటుమీద ఎప్పట్నుంచో మోజుపడింది. బట్టలుతికే ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి, తల దువ్వుకుని, తోటిపనామె దగ్గర మంచి బూట్లు అడిగి తొడుక్కుని వచ్చింది. ఆ శనివారం రీల్లో ఒక్క ఫ్రేమే మిగిలింది. నాకు ఇరవై ఆరేళ్ళు. అప్పటికి నాదీ ఒక్క ఫొటో లేదు. రోజూ వందమంది ముఖాలు కడుగుతాను, నా ముఖం ఒక్కసారి కడుక్కోలేదు. మూతి ముడుచుకున్నాను. మీ అమ్మ నా వంక చూసి, "నువ్వే తీయించుకోవే, నాకు వచ్చేవారం. వచ్చేవారానికి నా జుట్టు ఇంకా బాగుంటుంది" అంది. నా చెప్పులు తెగి ఉంటే బూట్లు విప్పి నాకిచ్చింది. నేను వద్దనలేదు. ఒక్కసారి కూడా వద్దనలేదు.

చంక పట్టేసి భుజం లేచింది. కుడి చెయ్యి జేబులో పెట్టింది గోళ్ళు నల్లగా ఉన్నాయని. నువ్వు వంతెన మీద నడిచిన ఆ ఠీవి ఇంతే.

గురువారం ఫ్యాక్టరీలో బాయిలరు పేలింది. తొమ్మిదిమంది. మీ అమ్మని మాకు చూపించలేదు. చూపించకపోవడమే మంచిదన్నారు.

మీ అమ్మకి ఉన్న ఒకే ఒక్క ఫొటో ఫ్యాక్టరీ పాసుమీదది. వేలెడంత. బెదిరిపోయిన కళ్ళు, గడ్డం మీద ముద్ర. నీకు మూడో ఏడు వచ్చాక అమ్మ ఏదని అడగడం మొదలుపెట్టావు. ఆ పాసు చూపిస్తే జడుసుకుని ఏడ్చావు. పక్క కొట్లో ఎవరు కనబడినా వాళ్ళ కొంగు పట్టుకునేదానివి. నాకు చూడబుద్ధి కాలేదు. పాసు ఫొటో పెద్దది చేసి, ముఖం కత్తిరించి, నా ఫొటోలో నా ముఖం మీద అతికించి, అంచులు బ్రష్షుతో కలిపి, దాన్ని మళ్ళీ ఫొటో తీశాను. కళ్ళల్లో భయం తీసెయ్యడానికి పదకొండు రోజులు పట్టింది. గడ్డం మీద ముద్ర పడింది కాబట్టి గడ్డం అద్దంలో నాది చూసుకుని వేశాను. పెదవి చివర నవ్వు కూడా నేను వేసిందే. అది చూపిస్తే నువ్వు ఏడవలేదు. ముద్దుపెట్టుకున్నావు. ఇక నిజం ఎప్పుడు చెప్పను? అయిదో ఏట చెప్పనా, పదో ఏట చెప్పనా? ప్రతి ఏడూ వచ్చే ఏడు అనుకున్నాను.

అసూయ అన్నావు. నీకు నేనే ఒక అమ్మని తయారుచేసి ఇచ్చి, నువ్వు ఆవిణ్ణి చూసుకుంటుంటే పక్కన నిలబడ్డాను. అందులో కొంచెం అసూయ ఉండే ఉంటుంది. కాదనను.

ఇప్పుడు నేను అడిగేది ఒక్కటే. ఆ వెలుతురు. నా చెంప మీద పడ్డ వెలుతురు మీ అమ్మది. దీపం ఒకవైపే ఉందని, ఒక తెల్లదుప్పటి రెండు చేతులా ఎత్తిపట్టుకుని రెండోవైపు నిలబడింది, వట్టికాళ్ళతో. వెనక కిటికీ తెరిచి ఉండటంతో ఆవిడ నీడ నేలమీద పడింది. ఫొటోలో కింద కుడిమూలన, తల, ఎత్తిన ఒక చెయ్యి. "అది చెరిపెయ్" అన్నాడు పెద్దాయన. ముప్పై ఏళ్ళలో ఆయన మాట నేను కాదన్నది ఆ ఒక్కసారే. ముఖమంతా నేను దిద్దిందే అమ్మడూ. నా బ్రష్షు తగలని మీ అమ్మ ఆ నీడ ఒక్కటే.

పెద్దాయన పోయాక ఆయన కొడుకు నెగెటివులన్నీ వెండి తీసేవాళ్ళకి ఇచ్చేశాడు. పాసు మీ నాన్న ఇల్లు విడిచిపోతూ మిగతా కాగితాలతోపాటు కాల్చేశాడు. ఉన్నది నీ దగ్గరి ప్రింటు ఒక్కటే. ఏ అంచు తీశారో నువ్వు రాయలేదు. కింది మూల చూడు. నీడ ఉందో లేదో చూసి రాయి. నా కళ్ళు ఉండగా నేను రోజూ దాన్నే చూసుకునేదాన్ని. నువ్వు ముఖాన్ని చూస్తున్నానని అనుకునేదానివి.

నీ మీద కోపం లేదు. ఉన్ని బనీను వేసుకో.

పిన్ని


28 డిసెంబరు 1996
(పంపనిది)

పిన్నీ,

కింది అంచే తీశాం.

నేనే తీశాను. దుకాణం కత్తెరతో. మూలన ఏదో నల్లటి మరక ఉంది, ఎవరో తెలివితక్కువ మనిషి అడ్డం నిలబడ్డట్టుంది, ఇది లేకపోతే ఎంత శుభ్రంగా ఉంటుందో అని దుకాణం ఆవిడతో అన్నాను. ఆవిడ అవునంది. బొటనవేలంత వెడల్పు ముక్క. నేలమీద పడితే ఆ సాయంత్రం నేనే ఊడ్చాను. నీ ఉత్తరం వచ్చినరోజు పరిగెత్తుకెళ్ళి చెత్తడబ్బాలన్నీ తిరగేశాను. రెండునెలలు కావస్తోంది పిన్నీ, ఎక్కడుంటుంది? దర్జీ కూడా నాతోపాటు మోకాళ్ళమీద కూర్చుని బల్లల కింద వెతికాడు, ఎందుకని అడక్కుండా. ఒక గుండీ దొరికింది. ఎవరిదో.

కిటికీలోంచి రెండు ఫొటోలూ తీసేశాను. గదిలో పెట్టుకుని చూస్తే ఆ ముఖం నాకిప్పుడు నీ చేతిపనిగానే కనబడుతోంది. ఎక్కడ బ్రష్షు ఆగిందో, ఎక్కడ మొదలైందో. గడ్డం నీదే. ఎలా పోల్చుకోలేకపోయాను? ఇరవై ఏళ్ళు ఆ గడ్డం కిందే అన్నం తిన్నాను.

నాకు అమ్మ కోసం ఏడుపు రావడంలేదు. నీ కోసమే వస్తోంది. అమ్మని నేను కత్తిరించి ఊడ్చి పారేశానని నీకు ఎలా రాయను? నువ్వు అట్టముక్క గాడిలో రాసి అడిగావు. ఒక్కటే అడిగావు.


30 డిసెంబరు 1996

పిన్నీ,

ఈ ఉత్తరం కంపౌండరుగారితో నిదానంగా చదివించుకో. కంపౌండరుగారూ, గొంతు తగ్గించకండి.

పై అంచు తీశాం. తెర పైన ఖాళీగా ఉన్న భాగం, అంతే. కింది మూల ముట్టుకోలేదు. నీడ ఉంది పిన్నీ. నువ్వు చెప్పినట్టే ఉంది. తల ఉంది, పైకెత్తిన చెయ్యి ఉంది. చేతి చివర దుప్పటి అంచు కూడా లీలగా తెలుస్తోంది. ఇన్నాళ్ళూ నేను సరిగ్గా చూడలేదు. ఇప్పుడు రోజూ అదే చూస్తున్నాను.

నేను రాసిన మాటలు వెనక్కి తీసుకోవడం కుదరదు, అవి నీ చెవిన పడిపోయాయి. వచ్చాక నీ కాళ్ళ దగ్గర కూర్చుంటాను, ఎంత తిట్టాలనుంటే అంత తిట్టు. ఆదివారం బండికి బయల్దేరుతున్నాను. దుకాణంలో నెలరోజులు సెలవడిగాను. తరవాత సంగతి తరవాత. డాక్టరు దగ్గరికి నేను తీసుకెళ్తాను. నీ చుక్కలమందు నేను వేస్తాను, నా చెయ్యి వణకదు.

కోటు వేసుకునే వస్తాను. దర్జీ చేత ఎడమ భుజంలో దూది తీయించాలనుకున్నాను. మళ్ళీ వద్దనుకున్నాను. చేత్తో తడిమి చూస్తే నీకే తెలుస్తుంది, అది ఎవరి భుజమో.

ఫొటో మాత్రం తీసుకురావడంలేదు. ప్రయాణంలో పాడైపోతుంది.

నీ పిల్ల